మేడ మీద డేరా

ఆదివారం, రాత్రి పది కావస్తోంది.

అరచేతులు రెండూ మండుతున్నాయి. కుడి బొటనవేలి పక్కన ఫైబర్‌గ్లాస్ ముల్లు ఒకటి దిగింది. పిన్నీసుతో తీద్దామంటే కళ్లద్దాలు పెట్టుకున్నా కనబడటం లేదు. అయినా డేరా నిలబడింది, నేనొక్కదాన్నే నిలబెట్టాను. కాస్త సలహా తీసుకున్నాను, సాయం మాత్రం తీసుకోలేదు.

పండగ వెళ్లాక వచ్చే శనివారం వికారాబాద్ దగ్గర మా కొలీగ్ వాళ్ల మామిడితోటలో ఒక రాత్రి పడుకుందామని ప్లాను. అనంతగిరి గుట్టలు పక్కనే. అడవిలో మనకు నచ్చిన చోట డేరా వేసుకుంటామంటే అటవీశాఖ వాళ్లు ఊరుకోరు కాబట్టి తోటే నయం. పండగ సెలవుల్లోనే వెళ్దామన్నాను గానీ "కనుమనాడు కాకైనా కదలదు, నువ్వు కదులుతావా" అని అమ్మ అడ్డం పడింది. వచ్చేది అమ్మ, నేను, చిన్నాడు. మా ఆయన రాడు. నేల మీద పడుకుంటే ఆయనకు నడుం పట్టేస్తుంది, పట్టకపోయినా పట్టేసిందంటాడు.

అమ్మతో మొదట టెంట్ అన్నప్పుడు "ఎవరింట్లో ఫంక్షనూ?" అంది. టెంట్ హౌస్ వాళ్ల షామియానా అనుకుంది పాపం. సంగతి చెప్పాక, చిన్నప్పుడు తెనాలి దగ్గర వాళ్ల ఊళ్లో కుప్పనూర్పిళ్లప్పుడు కళ్లంలో గడ్డి పరుచుకుని పడుకునేవాళ్లమని చెప్పి, వెంటనే "బాత్‌రూమ్ ఎంత దూరం?" అని అడిగింది. కొలీగ్ వాళ్ల తోటలో గది, బాత్‌రూమ్ ఉన్నాయన్న తర్వాతే సరేనంది.

పెద్ద డేరా కొనడానికి కారణం అమ్మ మోకాళ్లే. మామూలు డేరాల్లోకి పాకుతూ వెళ్లాలి, పాకుతూ రావాలి. రాత్రి రెండుసార్లు లేచే మనిషికి అది శిక్ష. అందుకని నిటారుగా నిలబడే ఎత్తున్నది కావాలనుకున్నాను. షాపులో మూడు రకాలు చూశాను. సొరంగంలా పొడుగ్గా ఉండేది ఒకటి, లోపల చోటు బాగుంది, కానీ మేకులు కొట్టి తాళ్లు లాగితే తప్ప అది నిలబడదు. గొడుగులా తెరుచుకునేది ఇంకొకటి, రెండు నిమిషాల్లో లేస్తుందట. ఎత్తి చూస్తే నా వల్ల కాలేదు, మడిచినా మా కారు డిక్కీలో అడ్డంగా పట్టదు. చివరికి గుమ్మటంలా ఉండే రకం తీసుకున్నాను. రెండు కర్రలు ఒకదాని మీదుగా ఒకటి దాటుతూ నాలుగు మూలలకీ దిగుతాయి. మేకులు లేకపోయినా దాని కాళ్ల మీద అది నిలబడుతుంది. నేల పది అడుగులకు పది, మధ్యలో ఎత్తు 190 సెంటీమీటర్లు, బరువు పది కిలోల పైమాటే.

సంచి మీద ఆరుగురికి అని రాసుంది. లెక్క వేసుకుంటే మనిషికి ఇరవై అంగుళాలు, రైలు బెర్త్ వెడల్పు కూడా రాదు. పక్కకి తిరగాలంటే ఆరుగురూ మాట్లాడుకుని ఒకేసారి తిరగాలి. ఆరుగురికి అంటే ముగ్గురూ వాళ్ల సామానూ అనుకోవడం మంచిది.

పైకప్పు గుడ్డ మీద 2000 అని ఉంటే అదేమిటని అడిగాను. రెండు మీటర్ల ఎత్తు నీటిని నిలబెట్టినా ఆ గుడ్డ ఓర్చుకుంటుందని అర్థమట. నేల గుడ్డకి 3000. మనం మోకాలు ఆనించినప్పుడు కింద ఉన్న తడి మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది కదా, అందుకు.

పొద్దున తొమ్మిదింటికి మేడెక్కాను. చిన్నాడు అప్పటికే పిట్టగోడ దగ్గర గాలిపటాలతో ఉన్నాడు, పక్క ఫ్లాట్ల పిల్లలు నలుగురు వాడి చుట్టూ. నువ్వు ముట్టుకోకు అని ముందే చెప్పాను. ఎవరో ఒకరి తీరిక కోసం చూసి చూసి ఆగిపోయిన ప్రయాణాలు నా లెక్కలో చాలా ఉన్నాయి. ఈ ఒక్కటైనా ఎవరి మీదా ఆధారపడకుండా అవ్వాలి. "పది నిమిషాలమ్మా, ఒక్కరు చాలు" అన్నాడు షాపు అబ్బాయి. ఆ పది నిమిషాలూ ఏ దేశపు పది నిమిషాలో. నాకు గంటా యాభై పట్టింది.

కర్ర అంటే ఒక్క కర్ర కాదు. రెండేసి అడుగుల ముక్కలు, లోపల ఎలాస్టిక్ తాడు. విదిలిస్తే ఒకదాంట్లో ఒకటి దూరి ఆరు మీటర్ల బద్ద అవుతుంది. ఆరు మీటర్ల బద్ద మేడ మీద పట్టుకుని తిరిగితే ఏమవుతుందో అదే అయింది. మూడో ఫ్లాటు ఆవిడ ఆరేసిన లుంగీ కిందపడింది, డిష్ యాంటెన్నా ఠంగుమంది. గుడ్డకున్న గొట్టంలాంటి కుట్టులోకి బద్దను దూర్చాలి. సగం వెళ్లి ఆగితే అటు కొసన చేరి లాగాను. లాగితే ముక్కలు లోపలే విడిపోయాయి. మళ్లీ తడుముకుంటూ గుడ్డ మీంచే ఒక్కోదాన్నీ కలపాల్సి వచ్చింది. నెట్టాలే గానీ లాగకూడదు. ఈ మాట డేరాతో వచ్చిన సూచనల కాగితం మీద ఎక్కడా లేదు, బొమ్మలు మాత్రం ఉన్నాయి, అందులో ఇద్దరు మనుషులున్నారు, ఇద్దరూ నవ్వుతున్నారు. ముల్లు దిగింది ఇక్కడే.

తర్వాత అసలు తిప్పలు. ఒక మూల బద్ద కొసను పిన్నులో పెట్టి, రెండో మూలకి వెళ్లి వంచేసరికి మొదటిది ఊడొస్తుంది. ఇటు పెడితే అటు. నాలుగుసార్లు పరుగెత్తాను. ఐదోసారి ఎలాగో నాలుగూ దిగాయి, డేరా లేచింది, నేను రెండడుగులు వెనక్కి వేసి ఫోన్‌లో ఫొటో తీయబోయాను. అంతే, గాలి వచ్చింది. అంత ఎత్తు గుడ్డకి గాలి ఎంత పని చేస్తుందో అప్పుడు తెలిసింది. డేరా పక్కకి దొర్లుకుంటూ పిట్టగోడ దాకా వెళ్లి, గోడకి తగిలి, ఒక బద్ద ఊడి కూలబడింది. పిల్లలంతా ఒక్కసారిగా "అఫా!" అని అరిచారు, మా వాడితో సహా. గాలిపటం తెగితే అరిచే అరుపు అది.

ట్యాంకు చూడటానికి వచ్చిన వాచ్‌మన్ మెట్ల దగ్గర నిలబడి చూస్తున్నాడు. పాలమూరు మనిషి, ఇక్కడికి రాకముందు నాలుగేళ్లు టెంట్ హౌస్‌లో పని చేశాడట. సాయం వద్దన్నానని దూరం నుంచే చెప్పాడు. "గట్ల కాదు మేడమ్. గాలి యాడికెళ్లి వస్తున్నదో ఆ దిక్కు ముందుగాల కట్టుకోవాలె. అటెన్క లేపాలె." ఎంత చిన్న మాట! కాగితం మీద పన్నెండు బొమ్మలున్నాయి గానీ గాలి బొమ్మ ఒక్కటీ లేదు.

మేడ మీద మేకులు దిగవు కాబట్టి ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు తెచ్చాను. గాలి వచ్చే వైపు రెండు మూలలకీ రెండు క్యాన్లు ముందే కట్టేశాను. మూల కదలడం లేదు, బద్ద కొస ఊడటం లేదు. ఇటు వైపు వంచుకుంటూ వస్తే ఒక్కదానికే పని సాగింది. మిగతా మూలలకి ఇంకో రెండు క్యాన్లు. పై గుడ్డ మాత్రం తలుపు వెనక్కి వచ్చేలా వేశాను, తీసి మళ్లీ వేశాను, దాని గురించి ఎక్కువ రాయను.

తోటలో క్యాన్లతో పనిలేదు, మేకులు కావాలి. సంచిలో వచ్చినవి కమ్మీల్లా సన్నగా ఉన్నాయి. పోయిన నెల తోట చూడటానికి వెళ్లినప్పుడు కారులోని స్క్రూడ్రైవర్‌తో నేలను పొడిచి చూశాను, రెండు అంగుళాలు కూడా దిగలేదు. అంతా ఎర్ర మొరం. వెల్డింగ్ షాపులో 12 ఎం.ఎం. చువ్వ అడుగు ముక్కలు కోయించి మొన తీయించుకోమన్నాడు వాచ్‌మన్. మేకు తల డేరాకి దూరంగా వాలేట్టు ఏటవాలుగా కొట్టాలట, నిట్టనిలువుగా కొడితే తాడు దాన్ని పైకి లాగేస్తుంది. రేపు ఆ పని.

మధ్యాహ్నం పైపు పెట్టి డేరాని తడిపాను. జనవరిలో వాన రాకపోవచ్చు గానీ మంచు పడుతుంది, పైగా ముగ్గురు మనుషుల ఊపిరి తేమ రాత్రంతా పైకప్పుకి పడుతుంది, కిటికీ జాలీ తెరిచి ఉంచకపోతే పొద్దున మన మీదే కారుతుంది. లోపల కూర్చుని పది నిమిషాలు చూశాను. తలుపు పైన కుట్టు దగ్గర ఒక్క బొట్టు, కాసేపాగి ఇంకో బొట్టు. అక్కడ జిగురు పూయాలి. కింద పరిచిన పట్టా డేరా కన్నా పెద్దదవడం ఇంకో తప్పు. బయటికి పొడుచుకొచ్చిన అంచు మీద పడ్డ నీళ్లన్నీ నేల కిందికి చేరాయి. అంచులు లోపలికి మడవాలి.

అమ్మ ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని వచ్చింది. తల వంచకుండా లోపలికి వెళ్లింది. అది చూసి నాకు కలిగిన సంతోషం ఆవిడకు అర్థం కాలేదు. కూర్చుని చుట్టూ చూసి "ఇందులో దీపం ఎక్కడ తగిలిస్తారే?" అంది. పైన కొక్కెం చూపించాను. కుర్చీ కాళ్లు నేల గుడ్డని చింపుతాయని లేపబోతే లేవనంది. చివరికి నాలుగు కాళ్ల కిందా నాలుగు పాత చెప్పులు పెట్టాం.

ఎండలో ఆరనిచ్చి, నాలుగింటికి విప్పాను. తడిగా మడిస్తే బూజు పడుతుంది. బద్దల్ని కొస నుంచి కాకుండా మధ్య నుంచి మడవాలని వీడియోలో చెప్పారు, అలాగైతే ఎలాస్టిక్ ఒక పక్కే సాగదట. అది బాగానే వచ్చింది. గుడ్డ మాత్రం సంచిలోకి వెళ్లలేదు. మోకాళ్లతో నొక్కాను, దాని మీద కూర్చున్నాను, చిన్నాణ్ణి కూర్చోబెట్టాను, దానికి సాయం అని పేరు పెట్టకూడదు. ఆ సంచిలో అంత గుడ్డ ఎలా పట్టిందో తయారుచేసిన వాళ్లకే తెలియాలి. అమ్మ పాత దుప్పటి తెచ్చి నేల మీద పరిచి, అంతా దాంట్లో వేసి, నాలుగు కొసలూ కలిపి ముడేసింది.

మూట హాల్లో సోఫా పక్కన పెట్టాం. సాయంత్రం మా ఆయన వచ్చి చెప్పులు విప్పుతూ దాన్ని చూసి, "ఇస్త్రీకి ఇన్ని బట్టలా?" అన్నాడు.