లేని సభ్యుడికి పుస్తకం ఇచ్చిన డేటాబేస్

నేను ప్రోగ్రామర్‌ని కాను. తీరిక దొరికినప్పుడు ఒక చిన్న గ్రంథాలయం లెక్కలు చూస్తుంటాను. లెక్కలంటే ఒకే ఒక్క స్ప్రెడ్‌షీట్. ఎవరైనా పుస్తకం తీసుకెళ్తే అందులో ఒక వరుస చేరుతుంది: సభ్యుడి పేరు, ఫోన్ నంబరు, పుస్తకం, రచయిత, తీసుకెళ్లిన తేదీ, తిరిగిచ్చిన తేదీ. కొన్నేళ్లు బాగానే నడిచింది. ఒకావిడ తన ఫోన్ నంబరు మారిందని చెప్పిన రోజు బండారం బయటపడింది. ఆవిడ పేరు మీద అరవైకి పైగా వరుసలున్నాయి, మూడు రకాల స్పెల్లింగులతో. కొన్నిచోట్ల ఇంటిపేరు ముందు, కొన్నిచోట్ల వెనక. ఏది ఆవిడది, ఏది అదే పేరున్న ఇంకొకరిది అని తేల్చేసరికి సాయంత్రం కాస్తా అయిపోయింది. ఇక లాభం లేదు, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లోకి మార్చేద్దాం అనుకున్నాను. రెండు సెలవు రోజుల పని అనుకున్నది నెలన్నర పట్టింది.

టేబుళ్లుగా విడగొట్టడం తేలిగ్గానే అయింది: సభ్యులు, పుస్తకాలు, రచయితలు, అరువులు. ప్రతి టేబుల్లోనూ ‘ఐడీ’ అని ఒక నంబరు, అదే ప్రైమరీ కీ, అంటే ఏ రెండు వరుసలకూ ఒకటే కాని గుర్తు. చిక్కంతా వాటిని కలపడంలో వచ్చింది. ఎవరి నంబరు ఎవరి దగ్గర ఉండాలి? పుస్తకం తీసుకున్నది సభ్యుడు కాబట్టి ఆ వివరం సభ్యుడి దగ్గరే ఉండాలని సభ్యుల టేబుల్లో ‘అరువు ఐడీ’ అనే కాలమ్ పెట్టాను. అతను రెండో పుస్తకం తీసుకోగానే ఆ గడిలో చోటు లేదు. కామా పెట్టి రెండు నంబర్లూ పక్కపక్కన రాద్దామా అని కూడా చూశాను, ఒప్పుకుంటున్నాను.

నన్ను గట్టెక్కించింది ఒకే ప్రశ్నను రెండు వైపుల నుంచీ అడగడం. ఒక సభ్యుడికి ఎన్ని అరువులు ఉండొచ్చు? ఎన్నైనా. ఒక అరువుకి ఎంతమంది సభ్యులు? ఒక్కరే. ‘ఒక్కరే’ అనే జవాబు ఏ టేబుల్ గురించి అడిగినప్పుడు వచ్చిందో, నంబరు ఆ టేబుల్లోకే వెళ్లాలి. అంటే అరువుల టేబుల్లో ‘సభ్యుడి ఐడీ’. అదే ఫారిన్ కీ, అంటే అవతలి టేబుల్లోని వరుసను చూపించే నంబరు. ఇంతకు మించి అందులో మంత్రమేమీ లేదు.

అరువుల టేబుల్‌కి ఫారిన్ కీ రాసి నడిపాను. ఎర్రర్ ఏమీ రాలేదు. పరీక్షిద్దామని 999 నంబరు సభ్యుడి పేరున ఒక అరువు ఎక్కించాను. మా దగ్గర అంతమంది సభ్యులే లేరు. అయినా డేటాబేస్ కిమ్మనకుండా తీసుకుంది. నేనే తప్పు రాశానేమోనని చెరిపి మళ్లీ రాశాను. మళ్లీ అదే. దాదాపు రెండు గంటల తర్వాత ‘షో క్రియేట్ టేబుల్’ అని, అంటే టేబుల్ ఎలా తయారైందో చూపించమని అడిగితే, ఫారిన్ కీ కోసం నేను రాసిన ‘రిఫరెన్సెస్’ అన్న మాటే అందులో లేదు! చివర్లో మాత్రం ఇంజన్, అంటే డేటాను దాచిపెట్టే లోపలి భాగం, పేరు కనబడింది: మైఐశామ్. నేను ఎవరిదో పాత స్క్రిప్టు చూసి కాపీ కొట్టాను, దానితోపాటు ఆ ఒక్క మాటా వచ్చేసింది. మైఐశామ్ ఫారిన్ కీ వాక్యాన్ని చదువుతుంది, తప్పు పట్టదు, అమలు మాత్రం చేయదు. ఇన్నోడీబీ అనే ఇంకో ఇంజన్ అయితే చేస్తుంది. మైఎస్‌క్యూఎల్ 5.5 వెర్షన్ నుంచి డీఫాల్ట్ ఇన్నోడీబీయే, కాబట్టి ఇంజన్ పేరు అసలు రాయకుండా ఉంటే నాకు ఈ తిప్పలే ఉండేవి కావు.

అప్పటిదాకా టేబుళ్ల మధ్య గీతలు గీసుకున్న నా బొమ్మే ‘రిలేషన్’ అనుకుంటున్నాను. ‘రిలేషనల్ డేటాబేస్’ అన్న పేరు కూడా ఆ గీతల వల్ల వచ్చిందే అనుకున్నాను. కాదట. 1970లో ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గార్ కాడ్ ఈ పద్ధతిని ప్రతిపాదిస్తూ రాసిన వ్యాసంలో రిలేషన్ అంటే గణితంలోని అర్థమే, మన భాషలో చెప్పాలంటే ఆ టేబులే. రెండు టేబుళ్ల మధ్య బంధుత్వం కాదు. గీతలు మన కళ్ల కోసం. డేటాబేస్‌కి తెలిసేది ఒక్కటే షరతు: ఈ కాలమ్‌లో ఏ నంబరు రాసినా అది అవతలి టేబుల్లో ఉండి తీరాలి. ఇది అర్థమయ్యాక మిగతావన్నీ ఒక్కొక్కటిగా తేలిపోయాయి, అయితే అంత త్వరగా కాదు.

ఇంజన్ మార్చి మళ్లీ నడిపితే ఈసారి 1215 ఎర్రర్. ‘ఫారిన్ కీ చేర్చలేను’ అంటుంది, ఎందుకో చెప్పదు. మాది 5.7 వెర్షన్. ‘షో ఇంజన్ ఇన్నోడీబీ స్టేటస్’ అని అడిగితే పేజీల కొద్దీ వచ్చే సమాచారంలో చివరి ఫారిన్ కీ ఎర్రర్ గురించి ఒక భాగం ఉంటుంది. కారణం అక్కడ దొరికింది. సభ్యుల టేబుల్లో ఐడీని అన్‌సైన్డ్ ఇంట్ అని పెట్టాను, అరువుల టేబుల్లో ఉత్త ఇంట్ అన్నాను. మన కళ్లకు రెండూ అంకెలే. కానీ మొదటిది 0 నుంచి 4294967295 దాకా, రెండోది మైనస్ 2147483648 నుంచి 2147483647 దాకా. రెండు వైపులా రకం ఒక్కటే కాకపోతే ఇన్నోడీబీ ఒప్పుకోదు. అక్షరాల కాలమ్‌లైతే క్యారెక్టర్ సెట్ (ఏ అక్షరాల పట్టిక), కొలేషన్ (అక్షరాలను పోల్చే పద్ధతి) కూడా కలవాలి. ఒక్క మాట చేర్చాను, అయిపోయింది.

అయిపోయిందనుకున్నాను. పాత డేటా ఎక్కించాక షరతు పెట్టబోతే 1452 ఎర్రర్. ఇది అసలైన పని. అరువుల్లో ఉన్న కొన్ని సభ్యుల నంబర్లు సభ్యుల టేబుల్లో లేవని అర్థం. అవేమిటో చూడటానికి ఒక లెఫ్ట్ జాయిన్ రాశాను: అరువులన్నీ తీసుకో, సభ్యులతో కలుపు, అవతల వైపు నల్ (విలువే లేదు అని) వచ్చినవి మాత్రమే చూపించు. 37 వరుసలు తేలాయి. అందులో సగానికి పైగా నంబరు 0 ఉన్నవి. స్ప్రెడ్‌షీట్‌లో ఖాళీగా వదిలేసిన గడులు దిగుమతిలో సున్నాలుగా వచ్చి కూర్చున్నాయి. మిగతావి ఎప్పుడో మానేసినవాళ్లవి. వాళ్ల పేర్లు జాబితాలోంచి నేనే తీసేశాను, అరువులు ఉండిపోయాయి.

తెలిసినవాడొకడు సులువు చెప్పాడు: ఫారిన్ కీ చెక్స్ అనే సెట్టింగ్‌ని 0 చేసి, అంటే తనిఖీ ఆపేసి, షరతు పెట్టేసి, మళ్లీ 1 చేయమన్నాడు. నిజమే, ఎర్రర్ రాదు. కానీ మళ్లీ 1 చేసినప్పుడు అప్పటికే ఉన్న వరుసలను మైఎస్‌క్యూఎల్ వెనక్కి వెళ్లి పరీక్షించదు. ఆ 37 అనాథ వరుసలూ షరతు ఉన్న టేబుల్లో దర్జాగా ఉండిపోతాయి. దానికన్నా షరతు లేకపోవడమే నయం, కనీసం నమ్మం. సున్నాలను నల్ చేస్తే సరిపోయేది, ఎందుకంటే ఫారిన్ కీ నల్‌ని అడ్డుకోదు. కానీ ఎవరు తీసుకున్నారో తెలియని అరువు మాకెందుకు? మానేసినవాళ్లను తిరిగి చేర్చి, సభ్యుడు ఎవరో తెలియని వరుసలను పాత లెక్కలని వేరే టేబుల్లోకి తరలించి, అసలు కాలమ్‌ని ఖాళీని ఒప్పుకోని నాట్ నల్ చేశాను.

రచయితల దగ్గర ఇంకో మలుపు. పుస్తకాల టేబుల్లో ‘రచయిత ఐడీ’ పెట్టాను, మూడు రోజులు హాయిగా ఉంది. తర్వాత ఇద్దరు కలిసి రాసిన పుస్తకం వచ్చింది. ఆ వెంటనే ఒక అనువాదం: మూల రచయిత ఒకరు, అనువాదకుడు ఇంకొకరు, పైగా ఆ అనువాదకుడు సొంతంగా రాసిన పుస్తకం కూడా మా దగ్గర ఉంది. నా రెండు వైపుల ప్రశ్నకు ఈసారి రెండు జవాబులూ ‘ఎన్నైనా’ అనే వచ్చాయి. అప్పుడు నంబరు ఎటు పెట్టినా కుదరదు, మధ్యలో మూడో టేబుల్ కావాలి. పుస్తకం ఐడీ, రచయిత ఐడీ, పాత్ర. ఒకే మనిషి ఒకే పుస్తకానికి రచయితా అనువాదకుడూ కావచ్చు కాబట్టి ఆ మూడూ కలిపి ప్రైమరీ కీ.

మధ్యలోని ఈ టేబుల్ రాస్తుండగా తట్టింది, అరువుల టేబుల్ కూడా ఇలాంటిదే కదా అని. ఒక సభ్యుడు ఎన్నో పుస్తకాలు తీసుకుంటాడు, ఒక పుస్తకం ఎంతోమంది చేతులు మారుతుంది. వాళ్లిద్దరి మధ్య టేబులే అరువు. మరి దాని ప్రైమరీ కీ కూడా సభ్యుడి ఐడీ, పుస్తకం ఐడీ కలిపి పెట్టొచ్చా? పెట్టాను కూడా. నచ్చిన పుస్తకాన్ని రెండోసారి తీసుకెళ్లిన మొదటి మనిషి దగ్గరే అది విరిగింది. అరువుకి సొంత ఐడీ ఉండాల్సిందే. దాంతోపాటు ఇంకో సంగతీ బయటపడింది: ఒకే పుస్తకానికి మా దగ్గర మూడు ప్రతులుంటే, బయటికి వెళ్లింది ఏది? అరువు చూపించాల్సింది పుస్తకం వైపు కాదు, దాని ఫలానా కాపీ వైపు, అంటే ప్రతులకూ ఒక టేబుల్ కావాలి. ఐదు టేబుళ్లు ఆరయ్యాయి. స్ప్రెడ్‌షీట్‌లో ఈ ప్రశ్న ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే అది నన్నేమీ అడగదు.

చివరి దెబ్బ మాత్రం నా తొందరపాటు వల్లే. అన్ని ఫారిన్ కీలకీ ఆన్ డిలీట్ కాస్కేడ్ (ఒక వరుస తీసేస్తే దాన్ని చూపించే వరుసలూ పోవాలని) పెట్టేశాను, తీసేసేటప్పుడు ఎర్రర్లు రాకుండా ఉంటుందని. ఒకరోజు రెండుసార్లు నమోదైన సభ్యురాలి పేరు ఒకటి తొలగించాను. తప్పు నంబరు తొలగించాను. ఆవిడ అరువుల చరిత్రంతా, ఇంకా తిరిగి రావాల్సిన రెండు పుస్తకాల వివరంతో సహా, ఒక్క కమాండుతో పోయింది. ముందురోజు బ్యాకప్ ఉండబట్టి బతికాను. ఇప్పుడు ఒక్కో సంబంధానికీ విడిగా ఆలోచించి పెట్టాను. పుస్తకం పోతే దాని రచయితల వరుసలు పోవచ్చు, విడిగా వాటికి అర్థం లేదు, అక్కడ కాస్కేడ్. అరువులున్న సభ్యుణ్ణి తీసేయబోతే మాత్రం డేటాబేస్ ఆపేయాలి, అక్కడ రిస్ట్రిక్ట్. అసలు సభ్యులను తొలగించడమే మానేశాను, ‘ప్రస్తుతం ఉన్నారా’ అని ఒక కాలమ్ చాలు.

ఈమధ్య ఇదే లెక్కను ఫోన్లో చూసుకోవడానికి ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లోకి ఒక నకలు చేశాను. టేబుళ్లు, షరతులు అన్నీ సరిగ్గా వచ్చాయి. అలవాటుగా 999 నంబరు సభ్యుడికి ఒక పుస్తకం ఇచ్చి చూశాను. తీసుకుంది! ఎస్‌క్యూలైట్‌లో ఫారిన్ కీలు మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి, కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ‘ప్రాగ్మా ఫారిన్_కీస్ = ఆన్’ అని చెప్పాలి. చెప్పి మళ్లీ ప్రయత్నిస్తే ఈసారి ఇవ్వనంది. ఈ 999 పరీక్ష ఇప్పుడు నా స్క్రిప్టులో మొదటి వరుస, దానికి ఎర్రర్ వస్తేనే మిగతాది నడుస్తుంది.