పాలరోగం కంటికి కనిపించే ముందే

హిందూపురం, మడకశిర వైపు పట్టు రైతులకు, పట్టుపురుగులకు వైరస్ వల్ల వచ్చే పాలరోగాన్ని గుర్తుపట్టడం ఎవరూ నేర్పనక్కరలేదు. రోగం సోకిన పురుగు చర్మం బిగుసుకుని మెరుస్తుంది, కణుపుల మధ్య ఉబ్బుతుంది, మేత మాని తట్ట అంచుల వెంట తిరుగుతూ ఉంటుంది. దాని కాలు కాస్త తెగితే, లేత పసుపు రంగులో తేటగా ఉండవలసిన రక్తం పాలలాగా కారుతుంది. అయితే దీన్ని రోగ నిర్ధారణ అనడానికి నాకు మనసొప్పదు. వైరస్ ఆకుతో పాటు కడుపులోకి చేరిన 5 నుంచి 7 రోజులకు గానీ ఈ లక్షణాలు బయటపడవు; అప్పటికే చిట్లిన పురుగుల పాలు పడకంతా అంటుకుని, పక్క పురుగులు తినే ఆకు మీదికి చేరి ఉంటాయి.

సూక్ష్మదర్శిని ఈ గడువులో కొంత తిరిగి ఇస్తుంది. రక్తపు చుక్కను గాజు పలక మీద వేసి సుమారు 400 రెట్లు పెద్దదిగా చూస్తే, ఆరు పలకల అంచులతో తళుక్కుమనే గింజలు కనిపిస్తాయి. ఒక్కొక్కటి 2 నుంచి 6 మైక్రాన్లు ఉండే ఈ గింజలు వైరస్ కణాలు కావు, వాటిని తమలో దాచుకున్న ప్రోటీన్ స్ఫటికాలు. కొత్తగా చూసేవారు కొవ్వు బిందువులను కూడా వీటి లెక్కలో వేసేస్తారు. అనుమానం వచ్చినప్పుడు పలక అంచున ఒక చుక్క క్షార ద్రావణం వదిలితే స్ఫటికాలు కరిగిపోతాయి, కొవ్వు అలాగే నిలిచి ఉంటుంది. పట్టుపురుగు పేగులోనూ జరిగేది ఇదే: అక్కడి బలమైన క్షార గుణమే స్ఫటికాన్ని కరిగించి వైరస్‌ను బయటికి వదులుతుంది. అన్నట్టు, గాలి తగిలిన రక్తం త్వరగా నల్లబడుతుంది కాబట్టి ఈ పనిలో తీరికగా కూర్చోవడానికి వీల్లేదు.

పరీక్ష చీటీలో ‘స్ఫటికాలు లేవు’ అని ఉంటే వైరస్సే లేదని చాలామంది ధైర్యపడతారు. కానీ స్ఫటికాలు కట్టే మరో వైరస్ రక్తంలో కాక పేగు కణాల్లోనే ఉంటుంది. రక్తం తేటగానే కనిపించినా, కోసి చూస్తే పేగు తెల్లగా పాలిపోయి ఉంటుంది. పురుగు మెత్తబడి చచ్చే ఫ్లాచరీ రోగానికి కారణమయ్యే వైరస్, డెన్సోవైరస్ అనే మరొకటి అసలు స్ఫటికాలే కట్టవు, పైగా మామూలు సూక్ష్మదర్శినికి అందనంత చిన్నవి. వీటిని పట్టుకోవాలంటే యాంటీబాడీల మీద ఆధారపడిన ఎలీసా, లేదా వైరస్ జన్యు పదార్థాన్ని పెంచి చూపే పీసీఆర్ తప్పదు. ఫ్లాచరీ వైరస్ ఆర్‌ఎన్‌ఏ రకం కాబట్టి ముందుగా దాన్ని డీఎన్‌ఏగా మార్చుకోవాలి.

పీసీఆర్ మాటనూ కళ్లు మూసుకుని నమ్మడానికి లేదు. పేగులోని ఆకు రసాలు ఆ రసాయన చర్యను అడ్డుకుని, వైరస్ ఉన్నా లేనట్టు చూపగలవు. అందుకే ప్రతి నమూనాతో పాటు తప్పనిసరిగా ఫలితం రావలసిన ఒక సరిచూపు పరీక్ష నడపాలి. మరోవైపు, బ్లీచింగ్ పౌడరు, సున్నంతో శుద్ధి చేసిన షెడ్డు దుమ్ములో చచ్చిన వైరస్ డీఎన్‌ఏ ముక్కలు మిగిలి ఉంటే పీసీఆర్ పాజిటివ్ అని చూపవచ్చు. ఆ దుమ్ములోని వైరస్‌కు ఇంకా ప్రాణముందా అన్నది, దాన్ని నీటిలో కలిపి ఆకుకు పూసి కొన్ని చిన్న పురుగులకు మేపి చూస్తేనే తేలుతుంది. పాత పద్ధతే అయినా, షెడ్డు శుద్ధిని అంచనా వేయడానికి నేను దీనికే ఎక్కువ విలువ ఇస్తాను.

ఇంత చేసినా ఫలితం చివరికి ఏ పురుగును ఏరామన్న దాని మీదే నిలుస్తుంది. చాలాచోట్ల నుంచి చచ్చి కుళ్లిన పురుగులు ప్లాస్టిక్ కవర్లో వస్తాయి. వాటిలో బ్యాక్టీరియా నిండిపోయి, ఆర్‌ఎన్‌ఏ ముక్కలైపోయి ఉంటుంది. బతికి ఉండి, తోటివి జ్వరానికి (పాత చర్మం విడిచే ముందు మేత మాని కదలకుండా ఉండే దశకు) కూర్చున్నా తాము కూర్చోక వెనకబడినవి, అంచుల వెంట తిరిగేవి, ఎదుగుదల తగ్గినవి ఏరి, ఫ్లాచరీ అనుమానం ఉంటే ఐసులో పెట్టి అదే రోజు పంపాలి.