నడుము కింద ఇనుము, పైన కాగితం: తక్కువ ఖర్చులో ఆర్‌టూ-డీటూ

1977లో వచ్చిన మొదటి స్టార్ వార్స్ సినిమాలో ఆర్‌టూ-డీటూ అనే రోబో బొమ్మ ఒక్కటే అనుకుంటాం గానీ, అవి వేర్వేరు. రెండు కాళ్ల మీద అటూ ఇటూ ఊగే డొక్కు లోపల కెన్నీ బేకర్ అనే నటుడు కూర్చునేవాడు. మూడు కాళ్ల మీద జారుకుంటూ వెళ్లేది రిమోట్‌తో నడిచే వేరే బొమ్మ. ఇంట్లో చేసేవాళ్లు పట్టుకోవాల్సింది ఈ రెండోదాన్నే. మధ్య కాలు లోపలికి ముడుచుకునే ఏర్పాటు జోలికి మొదటిసారే పోతే డబ్బులూ ఓపికా అక్కడే ఖాళీ అవుతాయి. మూడు కాళ్లనూ కదలకుండా బిగించేసి, శరీరాన్ని 18 డిగ్రీలు వెనక్కి వాల్చండి. చూసేవాళ్లకు తేడా తెలియదు.

ఎత్తు 1.09 మీటర్లు, ఒంటి అడ్డుకొలత సుమారు 46 సెంటీమీటర్లు. పాత సరుకు వాడితే ఖర్చు పది వేలకు అటూ ఇటూగా తేలుతుంది. అందులో సగానికి పైగా మోటార్లు, బ్యాటరీ, డ్రైవర్లు (మోటార్లకు కరెంటు అందించే బోర్డులు), చక్రాల మీదే పెట్టాలి. చాలామంది తలకు మెరుపు తేవడానికి ముందే డబ్బు తగలేసి, చివర్లో బొమ్మకారు మోటార్లు బిగిస్తారు. ఇరవై కిలోల బొమ్మను అవి ఒక్క అంగుళం కూడా కదపలేవు.

మోటార్లకు కారు వైపర్ మోటార్లే దిక్కు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాతవి దొరుకుతాయి. 12 వోల్టులు, నిమిషానికి 40 నుంచి 60 తిప్పులు. 15 సెంటీమీటర్ల చక్రం బిగిస్తే 45 తిప్పుల దగ్గర నిమిషానికి 21 మీటర్లు పోతుంది, అంటే నింపాదిగా నడిచే మనిషి కన్నా నెమ్మది. ఈ బొమ్మకు ఆ వేగం చాలు. ఇక్కడ తెలుసుకోవాల్సిన మెలిక ఒకటుంది. చాలా వైపర్ మోటార్లకు నెగెటివ్ వైరు విడిగా ఉండదు, మోటారు ఒళ్లే నెగెటివ్. కార్లో దీంతో పేచీ లేదు. మనం వెనక్కి తిప్పడానికి కరెంటు దిశ మార్చగానే ఆ ఒళ్లు పాజిటివ్ అవుతుంది. రెండు మోటార్లనూ ఒకే ఇనుప ఫ్రేముకు బిగించి ఉంటే, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి తిరిగిన క్షణంలో షార్ట్. డ్రైవర్ బోర్డు పొగ కక్కుతుంది. బిగించే ముందు మల్టీమీటర్‌తో ఒంటికీ వైర్లకీ మధ్య బీప్ వస్తుందేమో చూడండి. వస్తే మోటార్లను ప్లైవుడ్ మీదే కూర్చోబెట్టాలి, బోల్టులు ఏ ఇనుముకూ తగలకూడదు.

డ్రైవర్‌గా అందరూ మొదట కొనేది ఎల్298ఎన్. చవకే, కానీ ఒక్కో మోటారుకు రెండు యాంపియర్లకు మించి ఇవ్వలేదు, పైగా రెండు వోల్టుల దాకా తానే మింగేస్తుంది. వైపర్ మోటారు ఇరుక్కుపోతే పది యాంపియర్లు దాటి లాగుతుంది. మోటారుకొకటి చొప్పున రెండు బీటీఎస్7960 బోర్డులు తీసుకోండి. వాటి మీద 43 యాంపియర్లని ఉంటుంది గానీ దాన్ని పెళ్లి సంబంధాల్లో చెప్పే జీతంలా తీసుకోవాలి, పక్కనే చిన్న ఫ్యాను పెట్టాలి. కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీయే సరిపోతుంది, ఆగకుండా తిప్పినా అరగంటకు పైనే నడుస్తుంది. బ్యాటరీకి జానెడు దూరంలోపే 20 యాంపియర్ల ఫ్యూజు. బ్యాటరీని శరీరం అడుగున, పక్క కాళ్లను కలిపే గీతకు కాస్త ముందుగా పెట్టండి. వెనక పెడితే, కదిలిన ప్రతిసారీ మధ్య కాలు గాల్లోకి లేస్తుంది.

ఎలక్ట్రానిక్ సరుకు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఒకే పూటలో తెచ్చుకోవచ్చు: ఆర్డుయినో ఊనో (బొమ్మను నడిపే కోడ్ ఉండే బోర్డు), హెచ్‌సీ-05 బ్లూటూత్ (ఫోన్‌తో నడపడానికి), పాటలకు డీఎఫ్‌ప్లేయర్ మినీ, 12 వోల్టులను ఐదుకు తగ్గించే ఎల్ఎం2596. పిన్నుల దగ్గరే తలనొప్పి. ఊనోలో తల తిప్పే సర్వో మోటార్ల లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) పిలవగానే 9, 10 పిన్నుల్లో పీడబ్ల్యూఎం (మోటారు వేగాన్ని తగ్గించి పెంచే సంకేతం) ఆగిపోతుంది. కాబట్టి మోటార్లను 3, 5, 6, 11కు కలపండి. బ్లూటూత్‌ను 0, 1 పిన్నులకు ఇచ్చి, కోడ్ ఎక్కించేటప్పుడు మాత్రం ఊడదీయండి. దాని ఆర్‌ఎక్స్ (సంకేతం అందుకునే పిన్ను) 3.3 వోల్టులదే, మధ్యలో 1కే, 2కే (వెయ్యి, రెండు వేల ఓమ్‌ల) రెసిస్టర్లతో వోల్టేజి తగ్గించాలి. డీఎఫ్‌ప్లేయర్ ఆర్‌ఎక్స్‌కు ఒక 1కే పెడితే స్పీకర్లో గరగర తగ్గుతుంది. సర్వోలకు ఆర్డుయినో మీది ఐదు వోల్టులు ఇవ్వొద్దు, తల తిరిగిన ప్రతిసారీ బోర్డు రీసెట్ అవుతుంది.

కోడ్‌లో రెండు విషయాలు తప్పనిసరి. ఒకటి, వేగాన్ని ఒకేసారి పెంచకుండా 20 మిల్లీసెకన్లకు 5 చొప్పున పెంచడం. అలా సున్నా నుంచి పూర్తి వేగమైన 255కు చేరడానికి ఒక సెకను పడుతుంది, మధ్య కాలి కింది తిరుగుడు చక్రం మెలికపడి బొమ్మ తూలిపోకుండా ఉంటుంది. రెండోది, అర సెకను పాటు ఫోన్ నుంచి ఏ ఆదేశమూ రాకపోతే మోటార్లు ఆగిపోవాలి. ఇది లేకపోతే బ్లూటూత్ తెగిన చోట చివరి ఆదేశాన్నే పట్టుకుని పిల్లల మీదికి వెళ్తుంది.

అస్థిపంజరానికి 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో మూడు గుండ్రటి చక్కలు, నిలువుగా నాలుగు బద్దలు. వృత్తం గీయడానికి దారం వద్దు, సాగుతుంది. సన్నటి బద్దకు ఒక చివర మేకు, ఇంకో చివర పెన్సిలు దూరే బెజ్జం. పైతొడుగుకు ఫ్లెక్సీ షాపుల్లో దొరికే 3 మిల్లీమీటర్ల ఫోమ్ షీటు. చక్క 46 సెంటీమీటర్లని చుట్టుకొలత లెక్కకట్టి 144.5కే కోస్తే దాదాపు సెంటీమీటరు చాలదు, షీటు మందం లెక్కలోకి రాలేదు కదా. రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువే ఉంచి, చుట్టి చూసి, అప్పుడు కత్తిరించండి. అతుకు వెనకవైపు రావాలి. నీలం పలకలకు రంగు దండగ, రేడియం స్టిక్కర్ల షాపులో వినైల్ కోయించుకుంటే అంచులు గీత గీసినట్టు వస్తాయి.

ఇక తల. జిమ్ బంతిని 45 సెంటీమీటర్లకే గాలి కొట్టి, కుండ పెట్టే చుట్టకుదురు మీద కూర్చోబెట్టండి, దొర్లదు, అడుగు చదునవదు. సరిగ్గా సగానికి గీత పడాలంటే పెన్సిల్ని బంతి సగం ఎత్తుకు వచ్చే పెట్టె మీద అదిమిపట్టి, కుదురుతో సహా బంతినే తిప్పండి. పైన వంటింటి పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి, న్యూస్‌పేపరు ముక్కలు మైదా జిగురుతో మూడేసి పొరలు అంటించాలి. మూడు పొరలకో రోజు ఎండ, మొత్తం తొమ్మిది పొరలు. తొందరపడి అన్నీ ఒకేరోజు వేస్తే లోపల తడి నిలిచి బూజు పడుతుంది, ఆరేటప్పుడు ఒకవైపు లోపలికి గుంజుకుంటుంది. పురుగు పట్టకుండా సినిమా పోస్టర్లవాళ్లు జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, చేతికి గ్లవుజులు ఉండాలి. గుంటలు పూడ్చడానికి కొండపల్లి బొమ్మలకు వాడే మక్కు, అంటే చింతగింజల జిగురు, రంపపు పొట్టు, చక్కగా పనికొస్తుంది. దాని మీద కార్ల పెయింటర్లు వాడే లప్పం. గోడ లప్పం కాగితం మీద నెర్రెలిస్తుంది.

తల మీది చిన్న గొట్టాల దగ్గర పరిపూర్ణత కోసం పాకులాడొద్దు. సినిమావాళ్లు వాటికి పాత విక్కర్స్ వైకౌంట్ విమానంలోని చదువుకునే లైట్ల ముక్కలే వాడారు. మన తుక్కు షాపులో ఏది అమరితే అదే పెట్టండి. ముందు గుండ్రటి దీపం ఎరుపు, నీలం మారాలి. వెనకది పసుపు, ఆకుపచ్చ. ఎల్‌ఈడీల ముందు బటర్ పేపరు పెడితే చుక్కలు కనపడవు. ఈ దీపాలకు కింది నుంచి వైరు లాగితే తల రెండు చుట్లు తిరిగేసరికి మెలిపడి తెగుతుంది. తలలోనే పవర్ బ్యాంకు పెట్టండి. అయితే లోడు మరీ తక్కువైతే చాలా పవర్ బ్యాంకులు వాటంతటవే ఆరిపోతాయి. అలా ఆరిపోయే రకమైతే ఇంకో నాలుగు ఎల్‌ఈడీలు కలపండి.

రంగుకు 120, 220, 400 నంబర్ల ఉప్పుకాగితం వరసగా, ప్రైమర్, మెరిసే నలుపు, దాని మీద పల్చగా వెండి స్ప్రే. నలుపు లేకుండా వేస్తే స్టీలు గిన్నెలా కాక సిమెంటు రంగులో కనిపిస్తుంది. పైన క్లియర్ కోటు కొడితే మెరుపు చస్తుంది, వద్దు. వారం రోజులు తలను ఎవరినీ ముట్టుకోనివ్వకండి, వేలిముద్ర పడితే ఆ చోట మళ్లీ మొదటి నుంచే.