గీ దయ్యాలెవరు?

సద్దుల బతుకమ్మ నాడు మా ఇంట్ల మగోళ్లకు రెండే పనులు. పద్మాక్షి గుట్ట దాకా బతుకమ్మను మోసుడు, అక్కడ ఫొటోలు తీసుడు. మొదటిది నాకు మంచిగనే వస్తది. రెండోదానికే నిరుడు ఇజ్జత్ పోయింది.

ఆ రాత్రి డెబ్బై దాకా తీసిన. ఇంటికొచ్చినంక మా ఆమె ఒక్కొక్కటే జరుపుకుంట చూసింది. "బతుకమ్మ మంచిగొచ్చింది, గునుగు పూలు లెక్కపెట్టొచ్చు. సుట్టూ గీ దయ్యాలెవరు?" అన్నది. ఆ దయ్యాలల్ల ఒకటి మా అమ్మ. చీర అంచు ఉన్నది, మొఖం లేదు.

తప్పు నైట్ మోడ్‌ది కాదు, అక్కడ దాన్ని వాడిన నాది. నైట్ మోడ్‌ల ఫోన్ ఒక్క ఫొటో తియ్యది. రెండు మూడు సెకండ్లల్ల వరుసగ కొన్ని తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక్కటి చేస్తది. నేల మీద పెట్టిన బతుకమ్మ కదలది కాబట్టి నిగనిగలాడుకుంట వస్తది. దాని సుట్టూ తిరిగేటోళ్లు ఆలోపల అడుగు దాటేస్తరు.

ఈసారి పెత్రమాసకు వారం ముందే ప్రాక్టీస్ మొదలుపెట్టిన. పొద్దూకినంక వేయిస్తంభాల గుడికి పోయిన. 1163ల కట్టిన గుడి, ఎటూ కదలది. నైట్ మోడ్‌కు అంతకన్నా మంచి చుట్టం దొరకది. (కల్యాణ మండపం సంగతి వేరే. 2006ల విప్పిన్రు, మళ్ల తెరిచేసరికి 2024 వచ్చింది.) ఫోన్‌ను గట్టుకు ఆనిచ్చి, మూడు సెకండ్ల టైమర్ పెట్టి తీస్తే నల్లరాయి మీద చెక్కుడు గీత గీతకు కనవడ్డది. అదే జూమ్ నొక్కితే ముద్ద ముద్ద. చీకట్ల మెయిన్ కెమెరానే కెమెరా, సెన్సర్ పెద్దగుంటది, వెలుగు ఎక్కువ తీసుకుంటది. మిగిలినయి పొద్దుగాల్ల పనికొచ్చేటియి. జూమ్ కావాలంటే నాలుగడుగులు ముందుకు నడవాల్సిందే.

సద్దుల నాడు అన్నీ మనమే పెట్టుకునే ప్రో మోడ్‌ల పెట్టి షట్టర్ 1/250 చేసిన, అంటే కెమెరా వెలుగు తీసుకునేది సెకండుల 250వ వంతే. మనుషులు ఆగిన్రు గని, ఫొటోల అడ్డంగ నల్ల చారలు. మన కరెంటు 50 హెర్ట్జ్, కొన్ని ఎల్‌ఈడీ లైట్లు సెకండుకు వందసార్లు మినుకుమంటయి. మన కంటికి తెల్వది, కెమెరాకు తెలుస్తది. 1/100కు తెచ్చిన, తక్కువ వెలుగును పెంచి చూపెట్టే ఐఎస్‌ఓను 1600 చేసిన. చారలు పోయినయి. కొద్దిగ గరుకుగ వచ్చింది, రానీ.

1/100కు చేతులు ఇంకా మసకనే. అప్పుడు ఫోన్ దించి, మా అమ్మ అడుగులు చూస్కుంట నిలబడ్డ. ముందుకు వంగుతది, చేతులు దగ్గరికొస్తయి, చప్పట్టు పడుతది, మళ్ల లేసి పక్కకు జరుగుతది. ఆ అరచేతులు కలిసినప్పుడు మనిషి మొత్తం రెప్పపాటు ఆగుతది. అది పట్టాలె. చప్పుడు విన్నంక నొక్కితే అప్పటికే లేసి పోతరు. పాటతోటి లోపల లెక్క పెట్టుకుంట, అరక్షణం ముందు నొక్కాలె. నాలుగు సుట్లు తిరిగినంక చెయ్యి కుదిరింది.

ఫ్లాష్ ముచ్చట అడగకున్రి. దూరమున్నోళ్లకు అందది, దగ్గరున్నోళ్ల మొఖాలకు పిండి పూసినట్టుంటది. లైటు స్తంభం మన వీపు దిక్కు ఉండేటట్టు నిలబడితే చాలు.

ఇంతల ప్రతి లైటుకూ తోకలు రావట్టినయి. ఫోన్ పాడైందనుకున్న. మలీద ముద్ద తిన్న చేతితోటే లెన్స్ పట్టుకున్న, నెయ్యి అంటింది. లుంగీ కొంగుతోటి తుడిస్తే సరిపోయింది.

పద్నాలుగే తీసిన ఈసారి. ఒకదాంట్ల మా అమ్మ వంగి, చేతులు కలిపి, పక్క ఆమె దిక్కు చూసి నవ్వుతుంది. గాజులు కూడ సక్కగ వచ్చినయి. చూపెడితే అద్దాలు పెట్టుకొని చాలాసేపు చూసింది.

"కొప్పుల పువ్వు ఊసిపోతుంటే చెప్పకపోతివి బిడ్డా" అన్నది.