సముద్రం దాటితే గానీ ఇల్లు రాదు

అండమాన్‌లో ఉద్యోగం. పోర్ట్ బ్లెయిర్‌లో అద్దెలు విని దడుచుకుని నీళ్ళకి అవతలి ఒడ్డున బాంబూ ఫ్లాట్‌లో ఇల్లు తీసుకున్నాను. 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అని మార్చారు గానీ నాకింకా నోరు తిరగడం లేదు. ఆఫీసు అవ్వగానే బస్సెక్కి ఛాథమ్ రేవు, అక్కణ్ణుంచి వెహికల్ ఫెర్రీ. రోడ్డు మీదే వస్తానంటే ఫెరార్‌గంజ్ మీదుగా చుట్టూ తిరిగి రావాలి, ఆ పిచ్చిపని ఎవరు చేస్తారు?

ఫెర్రీ మాత్రం బ్రహ్మాండం. లారీలు, స్కూటర్లు, కూరల గంపలు, స్కూలు పిల్లలు అన్నీ ఒకే ఇనప చట్రం మీద. అవతలి రేవు ఇంకా తగలకుండానే స్కూటర్లన్నీ స్టార్ట్ చేసేసి పొగ పెడతారు, ఒక్కడు ఆగడు. చిన్నప్పుడు నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద వెళ్ళేటప్పుడూ అచ్చం ఇదే తొందర.

ఎదురుగా కనిపించేది మౌంట్ హ్యారియట్, ఇప్పుడు పేరు మౌంట్ మణిపూర్. పాత ఎర్ర 20 రూపాయల నోటు వెనక ఉన్నది ఆ కొండ మీంచి కనిపించే దృశ్యమే. 1872లో వైస్రాయ్ లార్డ్ మేయో ఆ కొండ మీద సూర్యాస్తమయం చూసి దిగొచ్చాక, కింద హోప్‌టౌన్ రేవులో షేర్ అలీ అనే ఖైదీ ఆయన్ని పొడిచేశాడు. డిసెంబరులో ఇక్కడ ఐదు దాటగానే చీకటి పడిపోతుంది, నాకు ఆ కథ గుర్తురావడం కూడా సరిగ్గా అప్పుడే.

మొన్న ఫోన్లో అమ్మతో మాట్లాడుతుంటే పక్కన చేపల బేసిన్‌తో కూర్చున్నావిడ "ఏటి బాబూ, మనోళ్ళేనా?" అంది. జంగ్లీఘాట్‌లో ఉంటుందట, సొంతూరు శ్రీకాకుళం వైపు. విశాఖ నుంచి ఓడలో మూడు రోజులు వాంతులు చేసుకుంటూ వచ్చిందట, ఇప్పుడు మనవలు కూడా ఇక్కడే, హిందీలోనే పోట్లాడుకుంటారట. నేనూ నా బాధ చెప్పాను: హైదరాబాద్ నుంచి చుట్టాలొస్తే స్వరాజ్ ద్వీప్‌కి (పాత పేరు హేవ్‌లాక్) ప్రైవేటు బోటులో తీసుకెళ్ళాను, టికెట్లకే జేబు ఖాళీ, తీరా ఎక్కాక ఏసీ గదిలో సీటుకి అతుక్కుని కూర్చోవాలి, లేస్తే కసిరారు, అద్దాల మీద ఉప్పు మరకలు తప్ప ఏమీ కనపడలేదు. తిరుగు ప్రయాణం సర్కారు బోటులో చేశాం, లైన్లో నిలబడడానికి ఓపిక కావాలి గానీ డెక్ మీద గాలి తగులుతుంటే ఎగిరే చేపలు చూసి మా పిన్నిగారు చిన్నపిల్లలా అరిచారు.

"అంత డబ్బెట్టి సముద్రమే సూడనేదా!" అని ఆవిడ ఒకటే నవ్వు.

దిగేలోపు నాకు కానాగంతలు అంటగట్టింది. మనోళ్ళని చెప్పి రేటు మాత్రం ఒక్క రూపాయి తగ్గించలేదు.