డూప్లికేట్ కాదు బావా

పోయినసారి ఇండియా వెళ్ళేముందు మా బావ ఫోన్ చేసి ఒకే ఒక్కటి అడిగాడు. "బామ్మర్దీ, మోంటెక్రిస్టో సిగార్లు ఒక పెట్టె పట్రా. ఇంకేం వద్దు." వెనక నుంచి మా అక్క "డాక్టరు మానెయ్యమన్నాడ్రా, తేకు" అని అరుస్తూనే ఉంది. ఇద్దరిలో ఎవరి మాట వినాలో తేల్చుకోలేక చివరికి తీసుకెళ్ళాను.

నేనుండేది ఫ్లోరిడాలోని టాంపాలో. ఇక్కడ ఈబోర్ సిటీ అని ఒక పాత పేట ఉంది. 1880లలో విసెంతె మార్టినెజ్ ఈబోర్ అనే ఆయన సిగార్ ఫ్యాక్టరీలు పెడితే, క్యూబా నుంచీ స్పెయిన్ నుంచీ వచ్చిన పనివాళ్ళతో నిండిన పేట అది. ఇప్పటికీ అక్కడ కొట్టు ముందు కూర్చుని చేత్తో సిగార్ చుట్టేవాళ్ళు కనిపిస్తారు. రోడ్డు మీద పుంజులు దర్జాగా తిరుగుతుంటాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు మా ఊరి సంక్రాంతి గుర్తొస్తుంది, అది వేరే సంగతి. నేను కాల్చను. కొట్లో అడిగి, ఇచ్చింది పట్టుకుని వచ్చేశాను.

రాజమండ్రిలో ఆ సాయంత్రం మేడ మీద బావ, ఆయన స్నేహితులు నలుగురు. పెట్టె అందరి చేతులూ మారింది. బావ కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని పెట్టెని తిరగేసి, కింద ఉన్న అక్షరాలు చదివాడు. డొమినికన్ రిపబ్లిక్.

"ఏరా, డూప్లికేట్ తెచ్చావా?"

అందరూ నవ్వారు. వాళ్ళలో ఒకాయన దుబాయ్‌లో కొన్న పెట్టె ఫొటో ఫోన్‌లో తీసి చూపించాడు. అదే పేరు. ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టిన అవే కత్తులు, మధ్యలో అదే లిల్లీ పువ్వు గుర్తు. తేడా అల్లా ఆ పెట్టె అంచున ఆకుపచ్చ రంగు ముద్ర కాగితం, మూలన వాలుగా అంటించిన 'హబానోస్' చీటీ. అడుగున క్యూబాలో తయారైనట్టు స్పానిష్‌లో కాల్చిన ముద్ర. "ఇదీ అసలుది" అన్నాడాయన. నా దగ్గర రసీదు ఉంది గానీ, రసీదు చూపిస్తే పరువు ఇంకాస్త పోయేది.

తిరిగొచ్చాక కోపం కొద్దీ ఈ విషయం మీద పడి చదివాను.

1960 సెప్టెంబర్‌లో కాస్త్రో ప్రభుత్వం క్యూబా పొగాకు పరిశ్రమ మొత్తాన్ని జాతీయం చేసింది. ఫ్యాక్టరీల్లోకి ప్రభుత్వం మనుషులు వచ్చి కూర్చున్నారు. పార్తగాస్ ఫ్యాక్టరీ సిఫ్యుయెంతెస్ కుటుంబానిది. మోంటెక్రిస్టో, హెచ్. ఉప్‌మన్ బ్రాండ్లు మెనెండెజ్, గార్సియా కుటుంబాలవి. ఓయో దె మోంటెర్రే, పంచ్ బ్రాండ్లు పలీసియో కుటుంబానివి. వీళ్ళంతా దేశం విడిచారు. యంత్రాలు, గోదాముల్లో మాగబెట్టిన ఆకు, వినియాలెస్ వైపు పొలాల నుంచి వచ్చే సరుకు, అన్నీ అక్కడే పోయాయి.

పోనిది ఒకటుంది. అమెరికాలో ఆ పేర్ల రిజిస్ట్రేషన్. క్యూబా రాజధాని హవానాలో వచ్చిన ఆర్డరు హవానాలో ఉన్న గోడల్నీ బల్లల్నీ స్వాధీనం చేసుకోగలదు గానీ, వాషింగ్టన్‌లో దస్త్రంలో ఉన్న పేరుని ఎలా లాక్కుంటుంది? రాజమండ్రిలో ఇల్లు జప్తు చేసిన అధికారి హైదరాబాద్‌లో ఉన్న ప్లాటు పట్టాని మార్చలేడు కదా. అమెరికా కోర్టుల ముందుకి వచ్చిన ప్రశ్న దాదాపు ఇదే. జప్తుకి ముందు పంపిన సిగార్ల డబ్బు ఎవరికి కట్టాలి, పేరు ఎవరిది అని అక్కడి దిగుమతిదారులు, పాత యజమానులు, క్యూబా మనుషులు ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. న్యూయార్క్ కోర్టు 1972లో పేరు అమెరికాలో పాత యజమానులదే అంది. డబ్బుల తగాదా మాత్రం 1976 దాకా నడిచి సుప్రీంకోర్టు మెట్లెక్కింది.

దీనికి తోడు 1962 ఫిబ్రవరిలో కెనెడీ క్యూబా సరుకు మీద పూర్తి నిషేధం పెట్టాడు. సంతకం పెట్టే ముందు తన ప్రెస్ సెక్రటరీ పియెర్ శాలింజర్‌ని పిలిచి, రేపటికల్లా నాకు వెయ్యి పెటిట్ ఉప్‌మన్‌లు కావాలన్నాడట. శాలింజర్ 1,200 తెచ్చాడు. తెచ్చాకే సంతకం. ఇది శాలింజరే తర్వాత రాసుకున్నాడు. మా బావకి ఈ కథలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

మార్కెట్లోకి అసలు క్యూబా సరుకే రాకపోతే, పేరు చేతిలో ఉన్నవాడికి మైదానం ఖాళీ. కానీ ఫ్యాక్టరీ పోయినవాడు పేరొక్కటి పెట్టుకుని ఏం చేస్తాడు? మెనెండెజ్ వాళ్ళు మొదట కానరీ దీవుల్లో చేరి, సిగార్లు చేసి 'మోంటెక్రూజ్' అని పేరు పెట్టుకున్నారు. వినగానే పాత పేరు గుర్తొచ్చేలా. ఆ తర్వాత ఒక్కో కుటుంబం తన అమెరికా హక్కుని అక్కడి కంపెనీలకి అమ్మేసింది. రమోన్ సిఫ్యుయెంతెస్ పార్తగాస్ పేరు జనరల్ సిగార్‌కి ఇచ్చాడు. మోంటెక్రిస్టో, ఉప్‌మన్ ఇప్పుడు డొమినికన్ రిపబ్లిక్‌లో లా రొమానా అనే ఊళ్ళో తయారవుతాయి. ఓయో దె మోంటెర్రే, పంచ్ హోండురస్‌లో స్థిరపడ్డాయి. ఆకు క్యూబాది కాదు, వేరే దేశాలది. విత్తనం మాత్రం చాలా చోట్ల ఒకప్పుడు క్యూబా నుంచి వెళ్ళిన సంతతే.

అంటే నా పెట్టె అమెరికాలో అసలుది, ఫోన్‌లో ఉన్న పెట్టె మిగతా ప్రపంచంలో చాలా చోట్ల అసలుది. మామూలుగా ఒకే కొట్లో ఈ రెండూ పక్కపక్కన ఉండవు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. నాలాంటి అమాయకుడెవడో సముద్రం దాటించి రాజమండ్రి మేడ మీదకి తెస్తేనే గొడవ.

ఇదంతా ఫోన్‌లో చెప్తే బావ, "ఓహో, అన్నదమ్ములు విడిపోయి రెండు మిఠాయి కొట్లకీ తాత పేరే పెట్టుకున్నట్టా?" అన్నాడు. కాదు బావా. ఇక్కడ పంపకం జరగలేదు, ఒకడు ఖాళీ చేయించబడ్డాడు. ఆ కొట్టు ఇంకొకడు నడుపుతున్నాడు. అదే పొయ్యి, అదే పనివాళ్ళు, అదే రుచి. వెళ్ళగొట్టబడ్డవాడు పక్క రాష్ట్రంలో అదే బోర్డు కట్టుకున్నాడు. ఎవడిది న్యాయం అంటే నాకు రెండువైపులా చెప్పాలనిపిస్తుంది.

ఇంకో తమాషా. క్యూబా ప్రభుత్వం తరపున సిగార్లు ఎగుమతి చేసే హబానోస్‌లో 2000లో ఆల్టడిస్ అనే యూరప్ కంపెనీ సగం వాటా కొంది. అప్పట్లో అమెరికాలో డొమినికన్ మోంటెక్రిస్టో అమ్మే కంపెనీ కూడా ఆ ఆల్టడిస్ వాళ్ళదే. 2008లో దాన్ని బ్రిటన్‌కి చెందిన ఇంపీరియల్ కొనేసింది. 2020లో రెండు భాగాలూ వేరువేరుగా అమ్ముడుపోయే వరకూ అసలు, డూప్లికేట్ అని మనం వాదించుకుంటున్నవాటి లాభం, క్యూబా ప్రభుత్వ వాటా పోను, చివరికి చేరింది ఒకే గల్లాకి.

కొహిబా అనే ఇంకో బ్రాండు దగ్గరికొస్తే మాత్రం నేను క్యూబా పక్షమే. ఎందుకంటే అందులో ఇల్లు పోగొట్టుకున్న కుటుంబం ఎవరూ లేరు. విప్లవం తర్వాత, 1966లో, కాస్త్రోకీ విదేశీ అతిథులకీ ఇవ్వడానికి పుట్టిన సిగార్ అది. మామూలు జనానికి 1982లో అమ్మడం మొదలుపెట్టారు. అంతకు ముందు 1981లోనే అమెరికాలో జనరల్ సిగార్ ఆ పేరు తన మీద రిజిస్టర్ చేయించుకుంది. అమెరికా కొహిబా పట్టీ మీద ఇంగ్లీషు 'ఓ' అక్షరం లోపల ఎర్రచుక్క ఉంటుంది చూడండి, అది వీళ్ళది. 1997లో క్యూబా కేసు వేసింది. 2004లో గెలిచింది. మరుసటి ఏడాది పై కోర్టు, నిషేధం ఉండగా ఆ హక్కు క్యూబాకి ఇవ్వలేమని తిప్పేసింది. 2022 డిసెంబర్‌లో అమెరికా ట్రేడ్‌మార్క్ బోర్డు, 1929 నాటి పాన్ అమెరికన్ ఒప్పందం పట్టుకుని జనరల్ సిగార్ రిజిస్ట్రేషన్లు రద్దు చేసింది. కంపెనీ ఊరుకుంటుందా, మళ్ళీ కోర్టుకెళ్ళింది.

మా బావ ఆ పెట్టె పారెయ్యలేదు. సిగార్లు అయిపోయాక అందులో కరెంటు బిల్లులు పెట్టుకుంటున్నాడు. ఇంటికెవరొచ్చినా ఇప్పుడు ఈ కథంతా తనే చెప్తాడు, ముందే తెలిసినట్టు, కెనెడీతో మొదలుపెట్టి. నాకు ఫోన్ చేసినప్పుడల్లా మా తాతగారి లంక భూమి కేసు అడిగినట్టే అడుగుతాడు. "కొహిబా ఎంతవరకొచ్చిందిరా? వాయిదా ఎప్పుడు?"