ఆగిన స్కూలు బస్సు, మా తమ్ముడి టికెట్టు

డల్లాస్ దగ్గర ఉంటున్న మా తమ్ముడికి, ఆగి ఉన్న స్కూలు బస్సును దాటి వెళ్లాడని పోలీసు టికెట్ రాశాడు. టెక్సాస్‌లో దీనికి జరిమానా 500 డాలర్ల నుంచి 1,250 డాలర్ల దాకా ఉంటుంది, అంటే తక్కువలో తక్కువ మన లెక్కలో నలభై వేల పైమాటే. మామూలు ఓవర్ స్పీడ్ టికెట్ అయితే డ్రైవింగ్ క్లాసుకు వెళ్లి కొట్టేయించుకునే దారి ఉంటుంది గానీ దీనికి అదీ లేదు. తిరుపతిలో ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. అమ్మ అయితే ఫోన్లో "కోర్టులూ గీర్టులూ మనకెందుకు నాయనా, కట్టేసి ఊరుకో" అని రోజూ అదే మాట.

వాడు కట్టలేదు. మంచి పని చేశాడు.

అక్కడ స్కూలు బస్సు ఆగి ఎర్ర లైట్లు మిణుకుతుంటే వెనక వచ్చేవాళ్లే కాదు, ఎదురుగా వచ్చేవాళ్లు కూడా ఆగాల్సిందే. బస్సు కదలాలి, లేదా లైట్లు ఆగిపోవాలి, లేదా డ్రైవర్ వెళ్లమని సైగ చేయాలి, అప్పటిదాకా కదలకూడదు. ఎందుకంటే దిగిన పిల్లలు రోడ్డు దాటతారు. అయితే మధ్యలో నిజమైన డివైడర్ ఉండి బస్సు అవతలి వైపు ఉంటే ఆగక్కర్లేదు. ఎడమకు తిరిగే బండ్ల కోసం మధ్యలో వదిలిన వరుస (లేన్) మాత్రం డివైడర్ కింద లెక్కకు రాదు, చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు.

తమ్ముడి కేసంతా ఈ తేడా మీదే నడిచింది. ఆ రోడ్డులో సగం దూరం గడ్డి పెంచిన ఎత్తు డివైడర్ ఉంది, సిగ్నల్ దగ్గరికొచ్చేసరికి అది అయిపోయి ఉత్త గీతలే మిగులుతాయి, కాబట్టి బస్సు సరిగ్గా ఎక్కడ ఆగిందన్నదే అసలు ప్రశ్న. వాడు నాట్ గిల్టీ అని రాసిచ్చి, స్కూలు బస్సుల ఆఫీసులో ఆ స్టాప్ ఎక్కడుందో కనుక్కుని, అక్కడ నిలబడి రెండు వైపులా ఫొటోలు తీసుకుని వెళ్లాడు. ట్రాఫిక్ టికెట్‌కి కూడా అక్కడ జ్యూరీ, అంటే మామూలు జనంలోంచి ఎంచినవాళ్లు కూర్చుని తీర్పు చెప్పడం, అడగొచ్చట, అంతదాకా పోలేదు. ప్రాసిక్యూటర్ (ప్రభుత్వం తరఫు లాయరు) ఫొటోలు, మ్యాపు చూసి కేసు కొట్టేయించారు. డివైడర్ లేనిచోట బస్సు ఆగి ఉంటే నేనే "కట్టేయరా" అనేదాన్ని, అందులో నాకు రెండో మాట లేదు. పిలకాయల ప్రాణం కోసం పెట్టుకున్న చట్టం అది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా అపార్ట్‌మెంట్ ఎదురుగా ఎయిర్ బైపాస్ రోడ్డులో రోజూ సాయంత్రం చూసేది వేరు. ఇక్కడ డివైడర్ ఉన్నా పిల్లలు సందు చూసుకుని అవతలికి దాటుతూనే ఉంటారు, ఎందుకంటే బస్సు అటు ఆగుతుంది, ఇల్లు ఇటు ఉంటుంది. పైగా మన బస్సు తలుపు ఎడమ వైపు కదా, బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య ఉన్న ఆ కాస్త సందులోంచి బైకులు దూరిపోతుంటాయి, పిల్ల మెట్టు మీద నుంచి కాలు కింద పెట్టేది సరిగ్గా అక్కడే. చూస్తుంటే గుండె ఆగిపోతుంది. బైకు మీద వెళ్లేవాళ్లను అడుగుతున్నా, ఆ అర నిమిషం వెనకే ఆగండి, హారన్ కూడా కొట్టకండి.

మా వాళ్లం కొందరం కలిసి స్కూలుకు వెళ్లి రెండు అడిగాం: ముందు ఆయా దిగి బైకులను ఆపాకే పిల్లల్ని దింపాలి, బస్సు యూ టర్న్ తీసుకుని మా వైపే ఆగాలి. మొదటిది వెంటనే ఒప్పుకున్నారు. రెండోదానికి రూటు ఆలస్యమవుతుందన్నారు, మళ్లీ అడగడానికి వచ్చే సోమవారం వెళ్తున్నాం. ఆ రూట్లో పిల్లలున్నవాళ్లు ఎవరైనా ఉంటే మాతో రండి.